పట్టాభిషేకం వద్దన్న రోజు

మా ఆవిడ పోయాక ఆ పుస్తకాన్ని లైబ్రరీకి ఇచ్చేయమని మా చెల్లెలు చెబుతూనే ఉంది. "చూసినప్పుడల్లా ఏడుపెందుకన్నయ్యా, ఇచ్చేయ్" అంటుంది. ఇస్తే ఎవరు చదువుతారు? ఇంగ్లండు రాణి కథ మా ఊళ్లో అడిగి మరీ చెప్పించుకున్నది ఒక్క మనిషి. ఆ మనిషి లేదు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. చీరాల వెళ్లినప్పుడల్లా స్టేషను దగ్గర గుట్టగా పోసి అమ్మే పాత పుస్తకాల్లో వెతుక్కోవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. ఎందుకో గాని ఆ గుట్టలో ఇంగ్లండు రాజుల, రాణుల జీవితచరిత్రలే ఎక్కువ దొరికేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఆవిడ వసారాలో చాప మీద కూర్చుని ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తుంటే, నేను కుర్చీలో కూర్చుని ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. కొడుకు కోసం పెళ్లాల్ని మార్చుకుంటూ పోయిన రాజు కథ విని, తుమ్ముతూనే తిట్టింది. "వాడి మొహం మండ! అంతమందినా!" అంది. కళ్లు ఎర్రబడింది ఘాటుకో కోపానికో తెలియలేదు.

ఆమెకో నియమం ఉండేది. వాళ్ల నాన్న ఏటా రామాయణం పారాయణ చేసేవాడు. ఏ రోజూ చావు దగ్గర పుస్తకం మూసేవాడు కాదు. చివర పట్టాభిషేకం చదివి, బెల్లం నైవేద్యం పెట్టి, అప్పుడు గాని పీట మీద నుంచి లేచేవాడు కాదు. ఆ పద్ధతిని మా ఆవిడ తీసుకొచ్చి తెల్లదొరలకు అంటగట్టింది. రాజుగారు పోయాడని చెప్పగానే "వెనక్కి తిప్పండి" అనేది. కిరీటం పెట్టిన పేజీ వెతికి మళ్లీ చదవాలి. తర్వాత చెరో బెల్లం ముక్క.

"వాళ్లు దేవుళ్లు కాదే, మనల్ని దోచుకుపోయినవాళ్లు" అనేవాణ్ణి.

"దోచుకుపోతే పోనివ్వండి. చావు దగ్గర ఆపితే మంచిది కానిది మన ఇంటికి కదా!"

చాదస్తం అని ముప్పై ఏళ్లు ఎగతాళి చేశాను. ఆ మధ్య అక్కడి ముసలి రాణి పోయినప్పుడు మా ఆవిడ టీవీ ముందు నుంచి కదల్లేదు. కొత్త రాజుకు కిరీటం పెట్టడానికి నెలల తరబడి ఆగారని వాళ్లను తిట్టిపోసింది. చివరికి ఆ రోజు వచ్చినప్పుడు బెల్లం గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిరీటం ఆయన తల మీదకు చేరాక "అమ్మయ్య" అని నా చేతిలో ఒక ముక్క పెట్టింది.

మళ్లీ మిరపకాయలు వచ్చే వేళకు ఆమె జబ్బు బయటపడింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి "చూద్దామండి" అన్నాడు. డాక్టరు చూద్దామన్నాడంటే ఇక చూడటానికేమీ లేదని నాకు తెలుసు. ఆమెకు మాత్రం చెప్పలేదు.

బట్టల సంచిలో ఆమె ఒక లావుపాటి పుస్తకం కూడా పెట్టుకొచ్చింది. చిన్న వయసులోనే సింహాసనమెక్కి, తర్వాత పెళ్లి చేసుకుని, నడివయసులో భర్త పోతే బతికినన్నాళ్లూ నల్లబట్టలే కట్టిన ఒకప్పటి రాణి కథ అది. ఇంటి దగ్గర ఆ రాణికి పిల్లలు పుట్టేదాకా చదివాం. మిగతాది మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. ఏదీ నమ్మని నాలో అప్పుడొక పిచ్చి నమ్మకం బయల్దేరింది. ఆమె నియమం ఏదీ తప్పకుండా చదివితే ఆమెను ఇంటికి తీసుకుపోవచ్చు అనుకున్నాను. బజారుకు వెళ్లి బెల్లం కొని, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం రాణి భర్త చనిపోయే చోటికి వచ్చాం. దాటేద్దామని పేజీలు కలిపి తిప్పాను. "తిప్పేశారు" అంది, కళ్లు మూసుకునే. ఇక తప్పక చదివాను. ఆయన పోయాక కూడా రాణి రోజూ ఆయన బట్టలు తీసి పెట్టించేదట. ఆయన గదిలో గడ్డానికి వేడినీళ్లు పెట్టించేదట. అది విని మా ఆవిడ నవ్వింది.

"ఆవిడకి నౌకర్లున్నారు. మీకు స్టవ్ ఎటు తిప్పాలో కూడా తెలీదు. నేను పోతే మీ నీళ్లెవరు కాస్తారండీ?"

"నోర్ముయ్యవే" అని గబగబా వెనక్కి తిప్పాను. పట్టాభిషేకం దొరికింది. చదవబోతుంటే చెయ్యి చాచి పేజీ మీద పెట్టింది.

"అది వద్దండీ."

"వద్దేమిటే! నీ పద్ధతేగా!"

"పట్టాభిషేకం నాటికి ఆవిడకింకా పెళ్లి కాలేదు కదా. అంత వెనక్కి పోతే ఆయనుండడు. ఆవిడొక్కతే కూర్చోవాలి. పెళ్లి దగ్గరికి తిప్పి, అక్కడ ఆపండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నా ప్రాణం తీసిన నియమాన్ని, సరిగ్గా నాకు కావలసినప్పుడు వదిలేస్తుందా? కుదరదు, పట్టాభిషేకమే చదవాలి, అప్పుడే మంచి జరుగుతుందని అరిచాను. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది.

"మీకెప్పట్నుంచండీ ఈ చాదస్తం?" అంది మా ఆవిడ.

ఆమెకు అంతా తెలుసని అప్పుడర్థమైంది. నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

పెళ్లి దగ్గరికి తిప్పి చదివాను. ఆ పెళ్లి రోజు పొద్దున వాన పడిందట. రాణి తెల్లని బట్టలు వేసుకుంది. రాణి కాబట్టి పెళ్లి మాట ఆమే ముందు అడగాల్సి వచ్చిందట. "నయం, నాకా బాధ లేదు. మీరు మా ఇంట్లో పకోడీలు చూసే ఒప్పుకున్నారు" అంది. జేబులోంచి బెల్లం తీశాను. నమిలే ఓపిక లేదు. "కాస్త నాలిక మీద రాయండి" అంది. రాశాను.

వారం తిరక్కుండానే పోయింది.

పుస్తకంలో మిగిలిన సగం నేను ముట్టుకోలేదు. అందులో ఉన్నదంతా ఆ రాణి ఒక్కతే బతికిన సంవత్సరాలు. ఎలా బతికిందో తెలుసుకోవాలని ఉంటుంది. తెలుసుకోవాలంటే భయమేస్తుంది. అందుకే ఇవ్వలేను, చదవలేను.

స్టవ్ ఎటు తిప్పాలో నేర్చుకున్నాను. పొద్దున్నే ఆమె స్నానం వేళకు నీళ్లు కాచి బకెట్లో పోసి, ఆమె తువ్వాలు తలుపు మీద వేసి, వసారాలోకి వచ్చి కూర్చుంటాను. రాణిగారి ఇంట్లో ఆ నీళ్లు చల్లారిపోయాక ఏం చేసేవాళ్లో పుస్తకంలో రాయలేదు. నేనైతే చల్లారేదాకా ఆగి, వాటితోనే స్నానం చేస్తాను.