ఎర్రగుడ్డ దాటిన పిలుపు

నిన్న మా వీధిలో జరిగిన పెళ్ళిలో మైకు మోత నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంటే, నలభైలనాటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆనాడు సిద్దిపేట బయట ఎండిన పొలంలో ఉన్నవి: నాటక కంపెనీ డేరా ఒకటి, పలకలు పరిచిన వేదిక. ఉన్నవారు: చేతిలో ఎర్రగుడ్డతో కంపెనీ మాస్టరు, మా అక్క, నేను.

అక్క అంటే పెద్దనాయిన బిడ్డ. హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదివేది. పరుగుపందెంలో మొదటిది, లెక్కల్లోనూ మొదటిదే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, నాందేడు వైపు అమ్మమ్మ దగ్గర మరాఠీ నేర్చింది. తల్లి మాత్రం ఆమె పుట్టిన పదకొండో రోజునే పోయింది. మూడు భాషల్లో ఆడే ఆ కంపెనీలో చేరాలని అక్క పట్టుదల. తెలిస్తే పెద్దనాయిన చదువు కూడా మాన్పించి ఇంట్లో కూర్చోబెడతాడని భయం. అందుకే స్నేహితురాలింటికని చెప్పి, భూమి కొలతలు నేర్పే సర్వే బడి నుంచి సెలవులకు వచ్చిన నన్ను తోడు తెచ్చుకుంది.

మైకులు లేని ఆ రోజుల్లో కొత్తవాళ్ళను పరీక్షించడానికి ఒక పద్ధతి ఉండేది. నేల టిక్కెట్ల చివరి వరుస వచ్చేచోట మాస్టరు నిలబడేవాడు. వేదిక మీది మనిషి అరవకుండా పలికిన మాట స్పష్టంగా వినపడితే గుడ్డ ఎత్తేవాడు.

“పరుగుల కప్పులు తెస్తే ఏం ఫాయిదా బేటీ? మా నాటకంల నిన్నెవరు తరుముతరు?” అని నవ్వాడు మాస్టరు.

“ఊపిరున్నది సాబ్. మీరు జర దూరం పోండ్రి,” అంది అక్క.

ఉర్దూకు గుడ్డ లేచింది, తెలుగుకూ లేచింది. మూడోది మరాఠీ, భర్తను అన్నానికి పిలిచే ఇల్లాలి మాట. పలికింది అక్కే కాని, కొంచెం జీరగా, చివర సాగుతూ వచ్చిన ఆ గొంతు ఆమెది కాదు. పక్కనే ఉన్న నేను ఇంకెవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను. గుడ్డ లేవలేదు. మాస్టరుకు అసలు వినపడనే లేదట.

కొద్దిసేపటికి బజారు దిక్కు నుంచి పెద్దనాయిన వచ్చాడు. బట్టల దుకాణం తెరిచింది తెరిచినట్టే వదిలేసి, చెప్పులు లేకుండా, గజంబద్ద చేతిలోనే పట్టుకుని వచ్చాడు.

“నన్నెవరు పిలిచిన్రు?”

“నేనే బాపూ,” అంది అక్క.

“నువ్వు గాదు బిడ్డా. గది నిన్ను కన్న మీ అవ్వ పిలుపు. ఇంకోపాలి పిలువు.”

అక్క మళ్ళీ పిలిచింది. ఈసారి ఖంగుమంది, గుడ్డ లేచింది. పెద్దనాయిన తల అడ్డంగా ఊపాడు. మూడోసారీ అక్క గొంతే. ఆయన చాలాసేపు నేల మీద కూర్చుని, చివరికి లేచాడు.

“పో బిడ్డా, ఆడు. గామె మల్ల వస్తే గీ పలకల మీదనే వస్తదేమో.”

అక్క మూడు భాషల్లోనూ పేరు తెచ్చుకుంది. కంపెనీ ఏ ఊళ్ళో ఆడినా పెద్దనాయిన వెళ్ళి చివరి వరుసలో కూర్చునేవాడు, పోయేదాకా కూర్చున్నాడు. ఆ పిలుపు మళ్ళీ రాలేదు. ఇప్పుడు మైకులు ప్రతి మాటనూ అందరి చెవుల్లోనూ పోస్తున్నాయి; ఒక్క మనిషి కోసమే పలికే మాట ఎటు పోయిందో తెలియదు.

ఆ పరీక్ష జరిగిన మర్నాడే నేను భూమి కొలిచే గొలుసు పట్టుకుని ఒక్కడినే వెళ్ళాను. వేదిక నుంచి మాస్టరు నిలబడిన చోటికి రెండు వందల పది అడుగులు. పెద్దనాయిన దుకాణం గడపకు రెండు వేల మూడు వందల పది.