నాయనమ్మ కీర్తన మింగేసిన ముగింపు

పోయిన నెలలో పుచ్చుపన్ను బాగుచేయించుకోవడానికి గుంటూరులో మా వీధి చివరనున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరంటే పెద్దవాడేమీ కాదు, మా అబ్బాయికన్నా చిన్నవాడు, ఒక చెవికి పోగు కూడా ఉంది. నన్ను కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోట్లో రెండు పక్కలా దూది కుక్కి, మూలనున్న చిన్న స్పీకరులో పాటలు పెట్టుకుని పని మొదలుపెట్టాడు. ఈ కాలపు పిల్లలకి పాట లేనిదే చెయ్యి ఆడదు కాబోలు అనుకుంటూ కళ్ళు మూసుకున్నానో లేదో, ఆ గిటారు వినిపించింది. ఏ గిటారంటారా? నా చిన్నప్పుడు మా ఇంట్లో టేపు అరిగిపోయేదాకా మోగి, ఆ తర్వాత ఇన్నేళ్ళలో మళ్ళీ ఎక్కడా వినపడని గిటారు.

గబుక్కున చెయ్యి పైకెత్తాను. నొప్పి అనుకున్నాడు ఆ అబ్బాయి, కాస్త ఓర్చుకోండి ఆంటీ అన్నాడు. నొప్పి కాదురా నాయనా, ఆ పాట, ఆ పాట అని చెబుదామంటే నోరంతా దూది. పత్తి పండే ఊళ్ళో పుట్టినదాన్ని, ఆఖరికి పత్తి వల్లే మాట పడిపోయి కూర్చున్నాను. పాట సాగుతూనే ఉంది, ఏ మలుపు ఎక్కడ వస్తుందో నాకు కంఠతా వచ్చు. పాడేవాడు ఆగుతాడు, డ్రమ్ము ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది, గిటారు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ పైకి పోతుంది, ఇంకా పైకి పోతుంది, సరిగ్గా అక్కడే, అప్పట్లో మా టేపులో పాట తెగిపోయిన చోటే, ఆ అబ్బాయి పన్ను తొలిచే మిషను ఆన్ చేశాడు. అది ఆగేసరికి స్పీకరులో వేరే పాట వస్తోంది. నా బాధ చూసి పాపం మత్తు సరిపోలేదేమో అనుకుని ఇంకో సూది వేశాడు.

నా బాధ మీకు అర్థం కావాలంటే మా బాబాయి గురించి చెప్పాలి. నాన్నకి ఒక్కడే తమ్ముడు. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో కరెంటు పని చేసేవాడు, ఆదివారం మా ఊరి చర్చిలో గిటారు వాయించేవాడు. ఆ రోజుల్లో మిల్లులో కొత్త మిషన్లు బిగించడానికి మద్రాసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్నాళ్ళు పేటలో మకాం పెట్టాడు. ఆయన గదిలో రికార్డు ప్లేయరూ, కొన్ని ఇంగ్లీషు రికార్డులూ ఉండేవి. గిటారు అనగానే బాబాయి ఊరుకునే మనిషి కాదు, పని అయ్యాక ఆ గదికి పోయి కూర్చునేవాడు. ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు, ఇది అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ళ పాటట, తర్వాత ఇంగ్లండులో తెల్ల కుర్రాళ్ళు నేర్చుకుని కరెంటు గిటార్లతో చెవులు పగిలేట్టు వాయిస్తున్నారట అని. మా నాయనమ్మ వయసంతా పత్తి తీతకీ మిరపకాయల కోతకీ పోయిన మనిషి. అన్నీ శ్రద్ధగా విని, "అయితే ఆళ్ళ పత్తిక్కూడా కాయపురుగు పడుద్దంటరా?" అని అడిగింది. ఇంజనీరుని అడిగి చెప్తాలే అన్నాడు బాబాయి. అడిగాడో లేదో తెలియదు గానీ ఆ సందేహం నాకు ఇప్పటికీ ఉంది.

ఇంజనీరు ఊరు విడిచి వెళ్ళే ముందు రోజు బతిమాలి ఆ రికార్డులు అడిగి తీసుకుని, బాబాయి బస్సెక్కి గుంటూరు వచ్చి, బ్రాడీపేటలో క్యాసెట్లు నింపే షాపులో ఇచ్చాడు. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పాట కావాలంటే ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, ఏ పాటలు కావాలో చెప్పి, సాయంత్రం దాకా ఎదురుచూసేవాళ్ళం. షాపతను టేపుకి సరిగ్గా సరిపోయేలా పాటలు సర్దిపెట్టాడు. అప్పుడు గుర్తొచ్చిందట బాబాయికి, బయల్దేరేటప్పుడు నాయనమ్మ నాకూ ఒక కీర్తన పట్టించుకురారా అన్న సంగతి. దేవుడి పాట వెనకాల ఉంటే ఆవిడ ఊరుకోదు గనక, టేపు మొదట్లోనే కీర్తన ఎక్కించమన్నాడు. ముందు కీర్తన చేరేసరికి చివరి పాటకి చోటు చాల్లేదు. గిటారు మంచి ఊపు మీద పైకెక్కి, ఇప్పుడేం చేస్తాడా అని మనం ముందుకి వంగే వేళకి టప్పున ఆగిపోయింది. రికార్డులు అప్పటికే ఇంజనీరుతో మద్రాసు రైలెక్కేశాయి. పాడినవాళ్ళ పేర్లు రాసుకుందామన్న ఆలోచనైనా ఎవరికీ రాలేదు, క్యాసెట్టు మీద షాపతను 'ఇంగ్లీషు పాటలు' అని మాత్రం రాసిచ్చాడు.

పేర్లు తెలియకపోతే మాత్రం ఏం, మా ఊళ్ళో అసలు పేరుతో ఎవరిని పిలిచారు గనక? నేనూ బాబాయీ కలిసి వాళ్ళకి పేర్లు పెట్టుకున్నాం. పాడేవాడు కారంగొంతు. కింద నుంచి దుమ్‌ దుమ్మని మోసుకొచ్చే గిటారువాడు మేస్త్రి, వాడు లేకపోతే గోడ కూలిపోతుందని బాబాయి అనేవాడు. డ్రమ్ము వాయించేవాడు ప్రతి దెబ్బకీ వెంట్రుక వాసి ఆలస్యంగా వస్తాడు, వాడు బద్ధకయ్య. పెద్ద గిటారువాడు మాత్రం మొండోడు, పట్టిన స్వరాన్ని వదిలిపెట్టడు, వంచి వంచి దాని చేత నిజం చెప్పించేదాకా ఊరుకోడు. ఆ రికార్డు అట్ట బాబాయి చూశాడు. ఇటుక గోడ ముందు నలుగురు నిలబడి ఉంటారట, ముగ్గురు మనకేసి చూస్తుంటే ఒకడు మాత్రం పక్కకి చూస్తుంటాడట. ఆ పక్కకి చూసేవాడు నలుగురిలో ఎవరు, అక్కడ ఏముందని చూస్తున్నాడు, పెళ్ళయిందా, వాళ్ళమ్మ ఏమీ అనదా, ఇలా మాకు ఎన్నెన్ని సందేహాలో. ఇంకో రికార్డు జనం ముందు వాయించింది, పాట మధ్యలో ఎవరో దగ్గుతారు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో మా ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్ళం గనక, ఆ దగ్గే ఆయన మాకు చుట్టంలా అనిపించేవాడు.

అన్నిటికన్నా పెద్ద సందేహం ఆ తెగిపోయిన పాటే. మొండోడు దాన్ని ఎలా ముగించాడు? బాబాయి టేపుతో పాటు గిటారు పట్టుకుని వాయించేవాడు. టేపులో పాట తెగినా ఆయన చెయ్యి ఆగేది కాదు, తనే ఏదో ఒకటి కల్పించి కిందికి దింపేవాడు. ఇట్టా దిగుంటాడంటావా అమ్మాయ్ అని నన్ను అడిగేవాడు. నేను పెద్ద తెలిసినట్టు తల అడ్డంగా ఊపేదాన్ని. అలా వాయించగా వాయించగా ఒక ముగింపు కుదిరింది. తొందరపడకుండా, మిద్దె మీది నుంచి మెట్లు చూసుకుంటూ దిగే ముసలమ్మలా దిగి, చివర్న ఒక్క స్వరం దగ్గర కాసేపు నిలబడి, అప్పుడు అరుగు మీద కూర్చుంటుంది. దాన్ని తీసుకెళ్ళి చర్చిలో కానుకల పాట చివర తగిలించాడు. అయ్యగారు ఇదేంటని అడిగితే ముగింపండి అన్నాడు. జనానికి నచ్చింది. కొన్నేళ్ళు గడిచేసరికి అది దొరల కాలం నుంచీ మన గుళ్ళో ఉన్నదేనని చెప్పేవాళ్ళు కూడా తయారయ్యారు.

కానీ బాబాయికి తృప్తి లేదు. నేనల్లితే ఎన్నైనా అల్లుతానే, ఆడిదేందో తెలియాలిగా అనేవాడు. ఆ కోపమంతా నాయనమ్మ మీద చూపించేవాడు. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైనా, వాన పడి మిరపకాయలు తడిసినా, తిప్పి తిప్పి అక్కడికే వచ్చేవాడు, "ఆ రోజు నీ పాట లేకపోతే నా పాట దక్కేది గదా!" అని. మొదట్లో ఆవిడ గయ్యిమనేది, దేవుడి పాటనే అంటావురా సచ్చినోడా అని. ముసలితనంలో మాత్రం ఎదురు చెప్పకుండా వినేది. ఒకసారి నన్ను దగ్గరికి పిలిచి, పేటలో ఆ పాట ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడవే, ఈడి ఏడుపు ఇనలేకపోతన్నా అంది. వెతికాను. దొరకలేదు. ఆవిడ పోయింది. టేపు కూడా ఒక వానాకాలం మిషనులో చుట్టుకుని నలిగిపోయింది. నేను ఉద్యోగం చేసి రిటైరయ్యాక మా అబ్బాయి, ఫోనుకి కూనిరాగం తీసి వినిపిస్తే ఏ పాటైనా చెప్పేస్తుందమ్మా అంటే, సిగ్గు విడిచి తీశాను. అది ఏదో సినిమా డ్యూయెట్టు చూపించింది.

ఇప్పుడు చెప్పండి, ఆ కుర్చీలో నా అవస్థ ఎలా ఉంటుందో! దూది తీయగానే నేను అడిగిన మొదటి మాట ఆ పాట ఏమిటనే. మూతి ఒకవైపు తిమ్మిరెక్కి ఉన్నా ఆ అబ్బాయికి అర్థమైంది, నవ్వుతూ నా ఫోనుకి పంపించాడు. ఆ బృందం పేరు ఇక్కడ రాయను, తెలిసినవాళ్ళు ఓహో అదా అని తేల్చేస్తారు, నాకది ఇష్టం లేదు. ఇంటికొచ్చి వాళ్ళ గురించి దొరికినదల్లా చదివాను. మొండోడు ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని బిడియస్థుడట, అట్ట మీద పక్కకి చూసేవాడు ఆయనేనట. బద్ధకయ్య ఇంకా ఉన్నాడు, ఊళ్ళో పిల్లలకి డ్రమ్ము నేర్పుతున్నాడు. మా కారంగొంతు తండ్రి పాదిరీ అట. అన్నీ చదివాను గానీ పాట మాత్రం పెట్టుకోలేదు. వేలు దాకా వచ్చి వెనక్కి పోయేది. బాబాయికన్నా ముందు నేను వింటే అది ఆయన తినే కంచంలోంచి తీసుకున్నట్టే.

శనివారం బస్సెక్కి పేటలో దిగి, ఆటోలో మా ఊరు చేరాను. బాబాయికి ఇప్పుడు మిల్లు హోరు పుణ్యమా అని ఎడమ చెవి పూర్తిగా పోయింది, వేళ్ళు వంగవు, గిటారు గోడకి వేలాడుతోంది. అరుగు మీద కూర్చోబెట్టి, కుడి చెవికి ఫోను ఆనించి, నేను ఆయన తలకి తల ఆనించి కూర్చున్నాను. పాట మొదలైంది. బాబాయి మోకాలి మీద వేళ్ళు కదలడం మొదలుపెట్టాయి. కారంగొంతు ఆగాడు, బద్ధకయ్య ఊపిరి బిగబట్టాడు, మొండోడు మెట్లెక్కాడు, టేపులో తెగే చోటు వచ్చింది, దాటింది. నాకు కళ్ళు చెమర్చాయి. మొండోడు ఇంకా ఎక్కుతున్నాడు, అటు పోయాడు, ఇటు తిరిగాడు, మళ్ళీ ఎక్కాడు, అలా వాయిస్తూనే ఉన్నాడు గానీ చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది, దూరంగా పోయే బండిలా పోయి పోయి వినపడకుండా అయిపోయింది.

"మళ్ళీ తెగిందా?" అన్నాడు బాబాయి.

తెగలేదు బాబాయ్, అంతే, వాళ్ళే అలా తగ్గించుకుంటూ పోయారు, రికార్డులోనే ముగింపు లేదు అని చెవిలో అరిచి చెప్పాను. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. ఈసారి చివరిదాకా కళ్ళు మూసుకుని విని, ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. "ఓరి నీ దుంప తెగ! ఆడికీ దొరకలేదన్నమాట!" అన్నాడు. నవ్వి నవ్వి, ఎందుకో ఆగిపోయి, లోపల గోడ మీదున్న నాయనమ్మ ఫోటో వైపు చూశాడు. అప్పుడు, నాతో కాదు, ఆ ఫోటోతోనే అన్నట్టు, "అంటే నువ్వు నా దగ్గర్నుంచి ఏమీ తీసుకోలేదు గదమ్మా. ఇన్నేళ్ళూ ఊరికే ఆడిపోసుకున్నానే" అన్నాడు. ఈలోగా ఫోను ఎవరూ అడక్కుండానే తర్వాత పాట మొదలుపెట్టేసింది.

మర్నాడు చర్చిలో కానుకలు పడుతుంటే, మా ఊరమ్మాయి ఒకతి కీబోర్డు మీద బాబాయి ముగింపు వాయించింది. అది ఎవరిదో ఆ పిల్లకి తెలియదు. అదే దిగడం, అదే నిలబడడం, అదే కూర్చోవడం. పక్కన బాబాయి కుడి చెవి అటు తిప్పి వింటున్నాడు. ఇప్పుడు ఏ పాటా తెగదు. ఏ పాట కావాలన్నా మొదటి నుంచి చివరిదాకా చేతిలోకి వస్తుంది, పాడినవాడి తండ్రి ఎవరో కూడా ఫోనే చెబుతుంది. మంచిదే, నేనేమీ వద్దనను. కానీ ఆ రోజు టేపులో చోటు సరిపోయి ఉంటే, మా ఇంట్లోనూ ఆ పాట సన్నగా సన్నగా తగ్గి పోయి ఉండేది, మేమూ సరే అనుకుని అన్నాలకి లేచి ఉండేవాళ్ళం. ఆరాధన అయ్యాక బాబాయి ఇంటికి రాలేదు. కర్ర పోటేసుకుంటూ సమాధుల దొడ్డి వైపు నడిచాడు. ఫోను ఇటియ్యి అమ్మాయ్, అమ్మకి కూడా ఒకసారి ఇనిపించొస్తా అన్నాడు.