అత్త డబ్బాల్లో ఫినాయిలు

మనవరాలు ఎవురి పోలిక అని మాత్రం నన్ను అడక్కండప్పా. అడిగినారంటే ఈ టీ గ్లాసు ఎత్తి కొడతా! నాకేం తెలుసు ఎవురి పోలికో? పుట్టి పన్నెండు దినాలయింది. తిరపతి ఆస్పత్రిలో ఒక్క తూరి సూసినా, అదీ గుడ్డలో చుట్టిపెట్టినారు, ముక్కు తప్ప ఏమీ కనపల్లేదు. చిత్తూర్లో మా ఇంటికి రావాల్సిన బిడ్డ ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్తా, ఇనండి. ఒరే గోపీ, నువ్వు మాత్రం నవ్వొద్దు. ఇదంతా నీవల్లే!

రెండు నెలల కింద షుగర్ టెస్టు చేపిస్తే డాక్టరు "బార్డర్లో ఉండావు" అన్నాడు. బార్డరంటే ఏంది, తమిళనాడు అంచున ఉండే మా అత్తగారి సత్యవేడు మాదిరి, ఇంకా మన పక్కనే ఉండామని గదా! మూసుకోని ఉండొచ్చు. ఉండనిస్తాడా ఈ గోపిగాడు? పొద్దున వాకింగులో తగులుకున్నాడు. "అన్నా, క్లీన్ ఈటింగ్ చెయ్యన్నా, ఆరు నెలల్లో నువ్వే వేరే మనిషివి" అని నన్ను ఒక ఫోన్ గ్రూపులోకి తోసేసినాడు. దాంట్లో ఒకామె, తెల్లారకముందే వీడియో పెడతాది. నేలలోనుంచి ఎట్లొచ్చిందో అట్లే తినాలంట. మిషన్లో తిరిగి, రంగు పూసుకోని, ప్యాకెట్లో దూరింది తినకూడదంట. ప్యాకెట్ తిప్పి వెనక చదవాలంట. నోరు తిరగని పేరు కనిపిస్తే చెత్తలోకి యిసిరేయాలంట. అంతే, అదే క్లీన్ ఈటింగు.

మాట మంచిదే. నేను కాదన్లా. కానీ లేబుల్ చదవమని ఆమె చెప్తా ఉండేది ఎవురికి? నాకు! బంగారుపాళ్యం కాడ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పంతొమ్మిదేండ్లుగా క్వాలిటీ సెక్షన్లో ఉండాను. డబ్బా మీది లేబుల్ చదివేది, సరిగ్గా ఉంటే ఓకే, లేకుంటే రిజెక్ట్ అని రాసేది, అదే నా ఉద్యోగం. ఆ ఎమల్సిఫయర్లు, స్టెబిలైజర్లు, వాటి నంబర్లు, అన్నీ మా వీధిలో మనుషుల మాదిరి తెలుసు నాకు. ఇంకేముంది, పొగరు నెత్తికెక్కింది.

ఆడ్నుంచి ఇంట్లో వాళ్ళ ప్రాణాలు తోడేసినా. చక్కెర బంద్. మైదా బంద్. తెల్లబియ్యం బంద్. క్యాంటీన్లో ఎవురన్నా బిస్కెట్టు టీలో ముంచుకుంటే, చేతిలోనుంచి ప్యాకెట్ లాక్కోని వెనక రాసింది గట్టిగా చదివి వినిపించేవాణ్ణి. నన్ను చూస్తే జనాలు లేచిపోయేవాళ్ళు. మా ఇంటామె నిర్మలకి ఒకరోజు కొర్రబియ్యం గొప్పదనం గురించి క్లాసు పీకినా. ఆమె గరిటె కింద పెట్టి, "సంగటి ముద్ద తిని పెరిగినదాన్ని నేను. మన పెండ్లిలో సంగటి పెట్టినారని అలిగింది మీవాళ్ళే గదయ్యా! ఇప్పుడు నువ్వు నాకు నేర్పిస్తా ఉండావా?" అనింది. అప్పుడన్నా బుద్ధి రావాల్నా వద్దా? రాలేదు!

ఇంతలో మా కూతురు స్వాతికి కాన్పయింది. ఆడపిల్ల. తొలి కాన్పు, పుట్టింటికే రావాల గదా, మా ఇంట్లోనే మూడు నెలలు. ఆస్పత్రిలో ఐదు దినాలుంచి, పోయిన గురువారం పంపిస్తామన్నారు. ముందురోజు సాయంత్రం మా అత్త సత్యవేడు నుంచి రెండు సంచులు మోసుకోనొచ్చింది. నేను డ్యూటీలో ఉండా. నిర్మల ఫోన్ చేసి, "అమ్మ స్వాతి పత్యానికి సామాన్లు తెచ్చింది, రాక్‌లో సర్దినాము" అని చెప్పింది. చెప్పిందప్పా, చెప్పలేదని నేను అబద్ధమాడను. నేను ఆ వీడియో సూస్తా "ఊ ఊ" అన్నా. అంతే.

గురువారం పొద్దున్నే నిర్మలా, మా అత్తా ఇద్దరూ మొదటి బస్సుకి తిరపతి పోయినారు. నేను లీవు పెట్టినా. పొయ్యేటప్పుడు నిర్మల, "ఇల్లు కడిగి పెట్టయ్యా, మధ్యాహ్నానికి పసిబిడ్డ వస్తాది" అనింది. ఇల్లంతా కడిగినా. దూలానికి చీరతో ఉయ్యాల కట్టినా. ఊపి చూసుకున్నా, ఎంత సంతోషమో! నా మనవరాలు నా ఇంట్లో! అంతటితో కూర్చోనుంటే నేను మనిషిని. "బిడ్డ వచ్చే ఇంట్లో విషం ఉండకూడదు" అనుకోని వంటింట్లోకి పోయినా.

రాక్ చూస్తే నాకు కండ్లు ఎర్రబడినాయి. పసుపచ్చ వనస్పతి డబ్బా! అదీ తుప్పు పట్టి, తయారైన తేదీ కూడా చెరిగిపోయింది. క్రీమ్ బిస్కెట్ల రేకు డబ్బా! పెద్ద ఐస్‌క్రీమ్ డబ్బా! మాల్టు పొడి సీసా! బాలింతకి పెట్టే పత్యమా ఇది? మా అత్త పెద్దామె, ఆమెకి తెలీదు సరే, నిర్మలకేమైంది? అన్నిటికీ మూత మీద కవరు కప్పి, దారంతో నాలుగు చుట్లు గట్టిగా కట్టుండాది. సరుకు ఇంకా విప్పలేదు అనుకున్నా. ఆ ఐస్‌క్రీమ్ డబ్బాని చేత్తో పట్టుకోని ఊపి చూసినా. గట్టిగా ఉండాది! రాత్రంతా రాక్‌లో, ఈ ఎండాకాలంలో, ఫ్రిజ్ లేకుండా, ఐస్‌క్రీమ్ కరగలేదు! ఎంత కెమికల్ కొట్టుంటే కరక్కుండా ఉంటాదబ్బా అని నాకు ఒళ్ళు మండిపోయింది. లేబుల్ చదివినా. నాలుగు వందలతో మొదలయ్యే కెమికల్ నంబర్లు వరసగా ఉండాయి. రిజెక్ట్!

ఇప్పుడు ఇనండి అసలు సంగతి. మా ఫ్యాక్టరీలో రిజెక్టయిన డబ్బాని ఊరికే పారెయ్యం. ఎవురన్నా ఏరుకోనిపోయి అమ్ముకుంటారని, మేకుతో మూతకి బొక్క కొట్టి, లోపల ఫినాయిలు పోసి, అప్పుడు బయటేస్తాం. పంతొమ్మిదేండ్ల అలవాటు. నాకు ఫ్యాక్టరీలో ఇచ్చిన టోపీ, మాస్కు, గ్లౌజులు అన్నీ తగిలించుకున్నా. పెరట్లో వరసగా పెట్టి, మేకూ సుత్తీ తీసుకోని, ఠక్ ఠక్ ఠక్. ఒక్కో బొక్కలో ఫినాయిలు. ఎవురి బిడ్డన్నా చెత్తకుండీలోనుంచి తీసుకోని తింటే పాపం గదా అని దయ కూడా! మాస్కు ఉండాది గదా, ఏ వాసనా తెలీలేదు. మాల్టు సీసా కాడికొచ్చేసరికి ఫినాయిలు అయిపోయింది. సరే, దాన్ని అట్లే పక్కన పెట్టినా.

ఇంత పని చేసినాక ఊరుకుంటానా? ఫోటో తీసినా. "మా ఇంటి విషాలకు ఈరోజుతో చెల్లు" అని రాసి గోపి గ్రూపులో పెట్టినా. ఈ వెధవ వెంటనే చప్పట్లు కొట్టే బొమ్మలు పంపించినాడు. ఆ ఊపులో దాన్నే మా ఇంటి గ్రూపులో కూడా పెట్టినా.

రెండు నిమిషాల్లో నిర్మల ఫోను, బిడ్డనెత్తుకోని అప్పుడే తిరపతిలో కారెక్కినారంట.

"ఏమయ్యా, ఆ ఫోటోలో ఉండేవి ఏంది?"

"ఏందా? మీ అమ్మ నా బిడ్డకి పెట్టాలని మోసకొచ్చిన విషం! వనస్పతీ, ఐస్‌క్రీమూ! బాలింతకి ఎవురన్నా ఐస్‌క్రీమ్ పెడతారా నిర్మలా? నీకు బుద్ధుండాదా?"

"మూత తీసి చూసినావా?"

"మూత తీసేదెందుకు? లేబుల్ మీదనే రాసుండాది గదా!"

 తర్వాత ఫోను చెయ్యి మారింది. మా అత్త. ఆమె అరిచుంటే బాగుండును. అరవలా. మెల్లిగా, "నాయనా, నేను ఈన్నే ఉండా. ఒక్కోటి మూత తీసి నాకు చెప్పు" అనింది.

వనస్పతి డబ్బా దారం తెంపినా. మాస్కు కిందికి లాగినా.

"ఏముండాది నాయనా?"

"నెయ్యి అత్తా."

"ఎట్లుండాది?"

"నిండా ఉండాది అత్తా. పైన... పాల మాదిరి తెల్లగా..."

"ఆ తెలుపేంది?"

 ఎట్ల చెప్పేది? మా అత్త ఎనుమును మేపుకోని, పూటపూటకీ మీగడ తీసి కాచిన నెయ్యి అది! ఆ పసుపచ్చ డబ్బా నాకు తెలీదా? నా పెండ్లయినప్పట్నుంచీ ఏడాదికి రెండుసార్లు ఆ డబ్బాలోనే నెయ్యి వస్తాది మా ఇంటికి. గిన్నె నాకి తిన్నోణ్ణి నేను! ఇన్నేండ్లు లోపలిదే తిన్నా, బయట ఏం రాసుండాదో చదవలా. ఆరోజు బయటిదే చదివినా, లోపల సూడలా. నా కండ్లు పీకెయ్యాల!

బిస్కెట్ల డబ్బాలో తెల్లగడ్డల కారం. ఎర్రగా వేయించి దంచింది, ఫినాయిలులో నాని ఉండాది. ఐస్‌క్రీమ్ డబ్బా మూత తీస్తే, నల్లగా, నిగనిగా, కాన్పయిన ఆడబిడ్డకి పొద్దున్నే ఉండ చేసి పెట్టే కాయం. మా అత్త ఫోనులో ఒక్కోటీ చెప్తా ఉండాది, ఎవురో చచ్చిపోతే తలుచుకున్నట్టు. "సొంఠి. పిప్పళ్ళు. మిరియాలు. వాము. పాత బెల్లం. నువ్వుల నూనె. పదైదు దినాలు ఎండబెట్టి, దంచి, జల్లించి చేసినా నాయనా." ఒక్కటన్నా నోరు తిరగని పేరుండాదా? అన్నీ మా నాయనమ్మకి కూడా తెలిసిన పేర్లే! ఆ గ్రూపులో ఆమె నెలరోజులుగా గొంతు చించుకోని చెప్పే తిండి ఇదే గదా. నా రాక్‌లోనే ఉండాది. నేను మేకు కొట్టినా!

ఇంకొక్కటి మిగిలింది. మాల్టు సీసా. నాకు ప్రాణం లేచొచ్చింది. "అత్తా! ఇది బాగుండాది! దీంట్లో ఫినాయిలు పోయలేదు!" అని అరిచి మూత తిప్పినా.

లోపల మాల్టు పొడి. నిజం మాల్టు పొడి! అదే చెప్పినా.

ఫోనులో నిర్మల గొంతు ఇనిపించింది, "ఏమ్మా, నువ్వు ఇది తాగతావా?" అని. మా అత్త కొంచెం నసిగి, "టీ మానేసినా గదమ్మా. పొద్దున ఒక్క లోటా" అనింది. చూడండి నా రాత! లేబుల్‌లో ఉండేదే లోపల కూడా ఉండే డబ్బా మొత్తానికి అదొక్కటే. దాన్ని మాత్రం వదిలిపెట్టినా.

ఆ తర్వాత మా అత్త గొంతు మారింది. "నిర్మలా, కారోనికి చెప్పు, చిత్తూరు వద్దు, పుత్తూరు దోవ పట్టమను. పత్యం లేని ఇంటికి బాలింతను తీసకపోను. ఇంట్లో ఇంకో వాయి కాయం ఉండాది, నెయ్యి ఉండాది. సత్యవేడు పోతాం."

"అత్తా, అత్తా! అంగట్లో అన్నీ దొరుకుతాయి, ఇప్పుడే పోయి తెస్తా" అన్నా.

"లేబుల్ సూసి తెస్తావా నాయనా?"

 కోపం! ఆమె మీద కాదు, ఆ గ్రూపు మీద, గోపి మీద, డబ్బాలు కడిగి దాచిపెట్టే ఈ ఆడోళ్ళందరి మీద, మరీ నా మీద! సుత్తి తీసి గోడకి కొట్టినా. గోడకి పెచ్చు లేచింది. అప్పుడు స్వాతి ఫోను తీసుకోనింది. "నాయనా, ఉయ్యాల కట్టినావా?" అని అడిగింది.

"కట్టినా తల్లీ."

"మూడో నెల్లో వస్తాలే. విప్పొద్దు."

ఏడ్చినా అప్పా. ఫినాయిలు ఘాటు అని పక్కింటోళ్ళకి చెప్పినా గానీ, ఏడ్చినా. గంట తర్వాత నిర్మల మెసేజ్, "పుత్తూరు దాటినాము" అని. కారుకడ్డం పోయి నిలబడదామని కూడా అనుకున్నా. పోయుంటే మా అత్త నాకు ఎముకల కట్టుకి పేరుమోసిన ఆ పుత్తూర్లోనే కట్టు కట్టించి పంపించుండును.

నిర్మల కూడా బిడ్డకి తోడుగా ఆన్నే ఉండాది. ఆదివారం వస్తానని ఫోన్ చేస్తే మా అత్త, "రా నాయనా, చేతులూపుకుంటా రా. ఏమీ తేవద్దు, వంటింట్లోకి మాత్రం పోవద్దు" అనింది. స్వాతి ముద్ద ముద్దకీ నెయ్యి పోయించుకోని, తెల్లగడ్డల కారం కలుపుకోని, కడుపునిండా తింటా ఉండాదంట. పాలు బాగా పడతా ఉండాయంట. మంచిది, నాకు కావాల్సింది అదే.

ఈడ నేనా? నూనె లేదు, నెయ్యి లేదు, కారం లేదు, చక్కెర లేదు. వండి పెట్టే మనిషీ లేదు. మూడు పూటలా కొర్రన్నం, ఉడకబెట్టిన సొరకాయ, ఉప్పు చిటికెడు. కనింది నా కూతురు. పత్యం చేస్తా ఉండేది నేను!