ఆరు గంటలకు ఒక అక్షరం

ఉదయగిరి కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఊరి చివర అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. పొద్దు ఎలా పోతుందని అడిగినవాళ్లకు రేడియో ఉందని చెబితే పాటలు వింటాననుకుంటారు. నేనూ సరిదిద్దను. లాంగ్‌వేవ్ గురించి మొదలుపెడితే ఎదుటివాళ్లు రెండో మాటకే గేటు వైపు చూడటం నాకు అలవాటే.

ఆ రెండో మాట ఇక్కడ చెప్పేస్తాను. మేం వాడే తరంగం ఒక్కొక్కటి రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవుంటుంది. దానికి సరిపడా ఏరియల్ కట్టాలంటే దుర్గం కొండ కొనుక్కోవాలి. నాకున్నదల్లా డాబా మీది ఇనుప పైపు నుంచి వెనక వేపచెట్టు దాకా ఒక తీగ. దాంతో బయటికి వెళ్లే బలం పిసరంత. అందుకే మామూలు వేగంతో కాకుండా మోర్స్ అక్షరాన్ని సాగదీసి పంపుతాం. చుక్కకు నిమిషం, గీతకు మూడు నిమిషాలు. అవతలి మనిషి కంప్యూటర్ తెర మీద అది సన్నటి గీతగా కనబడాలి.

నా అవతలి మనిషి ఆత్మకూరులో ఉంటారు. ఒకప్పుడు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసేవారు. నాకు మోర్స్ నేర్పి, పరీక్ష రాయించి, లైసెన్సు చేతికొచ్చేదాకా వెంటపడింది ఆయనే. సార్ అంటాను. భార్య పోయాక షాపు మూసేసి, ఇంటి మీది గదిలో రిసీవర్‌తో మిగిలారు.

రోజూ ఉదయం ఆరింటికి, పొలాల మోటార్లకు త్రీఫేజ్ కరెంటు వచ్చి రేడియోలో గోల మొదలవకముందే, అరగంట సేపు ఒకే అక్షరం మళ్లీ మళ్లీ పంపేదాన్ని. ఆరున్నరకి ఆయన ఫోన్ చేసేవారు. "ఈ పొద్దు రాలేదమ్మాయ్." పద్నాలుగు నెలలు ఆ ఒక్క మాటే. నా గొంతు కూడా కాదు, ఒక్క అక్షరం, బస్సులో రెండు గంటల దూరాన ఒక్క మనిషికి చేరితే చాలనుకున్నాను. ఇంత చిన్న కోరిక మీద ఇంత బెంగ ఏమిటని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. బెంగ మాత్రం తగ్గలేదు.

లాంగ్‌వేవ్‌లో ఏరియల్ ఎంత ముఖ్యమో కింద నేల కూడా అంతే ముఖ్యం. ఇంటి వెనక ఖాళీ చేలో గాడులు తీసి ఇనుప తీగలు పరిచి, పైన మట్టి కప్పాను. వేసవికి ఆ నేల పెంకులా ఎండిపోయింది. తడి లేని నేలలో కరెంటు పారదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా వైపు ఎరువు కోసం చేలల్లో గొర్రెల మంద కట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు అక్కడే పడుకుంటాయి, అక్కడే పోస్తాయి. ఎర్త్ గుంతలో ఉప్పునీళ్లు పోసే పని గొర్రెలే చేసిపెడతాయి కదా! చేను ఆసామి ఎరువనగానే ఒప్పుకున్నాడు. అంత తెలివి పుట్టినందుకు నన్ను నేను బాగానే మెచ్చుకున్నాను.

మంద దిగిన రోజే నాకు నెల్లూరులో పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. మూడు రోజులు. మనిషి లేకుండా ట్రాన్స్‌మిటర్ సెట్టు నడపకూడదన్నది సార్ నేర్పిన మొదటి పాఠం. అయినా గొర్రెల మహిమ తెలుసుకోవాలన్న ఆత్రం ఆగలేదు. ఆరింటికి దానంతటదే పంపేలా కంప్యూటర్‌కి టైమ్ పెట్టి వెళ్లిపోయాను. సార్‌కి చెప్పలేదు.

మూడో రోజు ఉదయం లాడ్జిలో ఉండగా ఫోన్ మోగింది. "వచ్చిందమ్మాయ్. ఆరూ పదికి. చుక్క, గీత, చుక్క. సన్నంగా ఉండాది గానీ నీదే."

బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ రోజు నా చేతికొచ్చిన పిల్లలందరికీ తలా ఒక మార్కు ఎక్కువే పడి ఉంటుంది.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే సెట్టు చల్లగా ఉంది. ట్రాన్సిస్టర్లు మాడిపోయి ఉన్నాయి. కంప్యూటర్ ఒక్కటే తన పని తను చేసుకుపోయింది. వెనక్కి వెళ్లాను. నా నేల తీగలు మంద చుట్టూ గుంజలకు బిగించి ఉన్నాయి. గొర్రెల కాపరి భార్య అన్నం వండుతోంది.

"ఎప్పుడు పీకారమ్మా ఇవి?"

"వచ్చిన పొద్దే పెరికినాం మేడమ్. గొర్రెల కాళ్లకి తగులుకుంటా ఉండాయి. తుప్పు తీగలే గదా అని మందకి చుట్టినాం. పనికొచ్చేటియ్యా?"

కాదన్నాను. నేల తీగలు లేక సెట్టు మొదట్లోనే మాడిపోయింది. అంటే ఆ మూడు రోజులూ నా ఇంటి నుంచి ఏమీ వెళ్లలేదు. మరి సార్‌కి వచ్చిందేమిటి?

కోపంతో ఒళ్లు మండింది. రానిదాన్ని వచ్చిందనడం మా లోకంలో దొంగతనం కంటే హీనం. మర్నాడు ఆదివారం. ఆత్మకూరుకి మొదటి బస్సెక్కాను. అనవలసిన మాటలన్నీ దారిలో రెండుసార్లు వల్లె వేసుకున్నాను.

ఆయన మెట్ల దాకా ఎదురొచ్చారు. చేతిలో కార్డు. నా సిగ్నల్ అందినట్టు తేదీ, సమయం, అక్షరం, అన్నీ గుండ్రటి చేతిరాతలో రాసిపెట్టారు. అది తీసుకుని గదిలోకి వెళ్లాను. మానిటర్ మీద తువ్వాలు కప్పి ఉంది. తీశాను. తెర అడ్డంగా పగిలి ఉంది.

"అది పొయ్యి రెండు నెలలైందమ్మాయ్," అన్నారు నెమ్మదిగా. "చెప్తే నువ్వు ఆపేస్తావని చెప్పలా. ఆరైతే ఈడొచ్చి కూర్చుంటా ఉండా. ఆడ నువ్వు కూర్చోనుంటావు గదా, ఆ ధైర్యం. రాలేదు రాలేదని ఎన్నాళ్లు చెప్పేది? నిన్న నోరు రాక, వచ్చిందని చెప్పినా."

తువ్వాలు మళ్లీ తెర మీద కప్పాను.

"తప్పే," అన్నారు. "అయినా ఆ పొద్దు నువ్వు పంపినావు గదా? సెట్టు దగ్గరే ఉన్నావు గదా?"

"ఉన్నాను సార్," అన్నాను. "పంపాను."

ఆయన తల ఊపి కాఫీ పెట్టడానికి లేచారు. కార్డు సంచిలో పెట్టుకున్నాను. ఏ ముఖంతో తిరిగి ఇవ్వను?

మర్నాడు ఆరింటికి, మాడిపోయిన సెట్టు ముందు కుర్చీ వేసుకుని అరగంట కూర్చున్నాను. వెనక చేలో గొర్రెలు లేచి అరుస్తున్నాయి. ఆరున్నరకి ఫోన్ మోగింది.

"ఈ పొద్దు రాలేదమ్మాయ్."

ఈసారి ఆయన నిజమే చెప్పారు.