సారాయికి ఒక తీర్పు, బ్రాందీకి ఒక తీర్పు

మా నాన్న సారాయి తాగే రోజుల్లో తాగుబోతు. బ్రాందీ తాగే రోజులకు పెద్దమనిషి అయిపోయాడు. మధ్యలో మారింది జీతం ఒక్కటే. ఈ మాట నేనంటే మా సంఘంలో ఇప్పటికీ కొందరికి ఒళ్లు మండుతుంది. మండనీ.

యాభైల మొదట్లో నాన్న బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో హెల్పరు. మేం అలసూరు పక్క ఇరుకు వరస ఇళ్లలో ఉండేవాళ్లం. జీతమందిన సాయంత్రం నాన్న సైకిలు సారాయి అంగడి ముందు ఆగేది. అందరూ నడిచే వీధి, దాచుకోవడానికి వీల్లేదు. మా తెలుగు చర్చిలో ఒక కట్టుబాటు ఉండేది. తాగినవాడికి సంఘపెద్దలు ప్రభువు బల్ల ఆపేసేవారు. నెలకోసారి సంస్కారం రోజున అందరూ ముందుకెళ్లి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే అతనొక్కడే బెంచీలో కూర్చుని ఉండాలి. నాన్నకి ఒకసారి అలా ఆపారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం ముట్టలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ అంగడి ఉన్న వీధిలోకి సైకిలు కూడా తిప్పలేదు. తాగుడు మాన్పించారని అమ్మ పెద్దల కాళ్లకు మొక్కినంత పని చేసింది.

తర్వాత నాన్న ఎదిగాడు. పని తెలిసినవాడు కదా, ఫోర్‌మన్ అయ్యాడు, అరవైల్లో సూపర్‌వైజర్ అయ్యాడు. క్వార్టర్స్ వచ్చింది, తలుపుకి తెర వచ్చింది, తెర వెనక బ్రాందీ వచ్చింది. అడిగితే "చలికి" అనేవాడు. బెంగళూరులో మే నెలలో కూడా చలి ఉంటుందని నాకప్పుడే తెలిసింది. హెల్పరుగా నెలకోసారి తాగిన మనిషి ఇప్పుడు రోజూ తాగేవాడు, కొనగలడు కాబట్టి. కానీ తూలడు, వీధిలో పడడు, ఇస్త్రీ చొక్కా నలగదు. ఆ చొక్కాను చూసే కాబోలు, ఆయన్నీ సంఘపెద్దను చేశారు. సారాయి తాగిన కూలీలకు బల్ల ఆపేటప్పుడు నాన్న కూడా వాళ్లతో కూర్చుని సరేననేవాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అప్పటికి నేను నర్సుని. ఆయన కళ్లు పచ్చబడడం ముందు నేనే చూశాను. డాక్టరు పరీక్షించి, ఇక చుక్క ముట్టినా ప్రాణానికి పూచీ లేదన్నాడు. నాన్న బుద్ధిగా తలూపాడు. వారం తిరక్కుండానే తెర వెనక మళ్లీ సీసా మూత చప్పుడు. అరిచాను, బతిమాలాను, సీసా తీసుకెళ్లి మోరీలో పారబోశాను. ఇంకొకటి వచ్చింది. డబ్బున్న ఇంట్లో సీసా పారబోయడమంత దండగ పని లేదు.

అమ్మకి ఒక్కటే దారి తోచింది. నన్ను వెంటబెట్టుకుని సంఘంలో అందరికన్నా పెద్దాయన ఇంటికి వెళ్లింది.

"మా ఇంటాయనకి బల్ల ఆపండయ్యా. ముందొకసారి ఆపితే నిలిపేసినాడు. ఆయన భయపడేది దానికొక్కదానికే."

"ఏమ్మా, ఎవురన్నా ఇంటే నగుతారు. ఆయనేమన్నా సారాయి అంగడికాడ పడినాడా? ఆఫీసరు. యాదో నాలుగు చుక్కలు ఏసుకుంటాడు."

"ఆ నాలుగు చుక్కలకే సచ్చిపోతా ఉండాడయ్యా."

"ప్రార్థన చేస్తాంలేమ్మా," అని పెద్దాయన లేచాడు.

తర్వాతి సంస్కారం ఆదివారం, నాన్న ముందుకు నడుస్తుండగా, ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఆయనకి ఈయొద్దండి. దినామూ తాగతా ఉండాడు," అంది. పాట ఆగిపోయింది. పాస్టరు గిన్నె పట్టుకుని పెద్దల వైపు చూశాడు. వాళ్లు కానివ్వమన్నట్టు తలలూపారు. నాన్న తీసుకుని, వచ్చి కూర్చున్నాడు.

ఆ వారమే పెద్దలు కూడారు. ఆరాధనలో అల్లరి చేసిందని అమ్మకి బల్ల ఆపేశారు. ఆ కూర్చున్నవాళ్లలో నాన్న ఉన్నాడు. తల వంచుకున్నాడే గాని వద్దనలేదు. నాకా రోజు వచ్చిన కోపం ఇన్నేళ్లయినా దిగలేదు.

ఏడాది తిరక్కుండా నాన్న పోయాడు. పెద్దలే పెట్టె మోశారు. సమాధి దగ్గర పెద్దాయన, మచ్చలేని జీవితం అంటూ చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వస్తూ దారి పొడవునా వాళ్లను తిడుతూనే ఉన్నాను. ఇంక ఆ చర్చి గడప తొక్కనన్నాను.

"నాకు ఆపినారు. నేను సచ్చిపోతినా?" అంది అమ్మ. "ఆయనకి ఆపింటే, ఆయనా బతికుండేవాడు."