ముగ్గురికి ఒక గొయ్యి

ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నంలో మా చర్చి సంఘం సమాధుల తోటలో నేను గోతులు తవ్వేవాణ్ణి. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. వేలు పెట్టుకుని మెల్లగా చదివే చదువు నాది.

స్టీలు ప్లాంటుకి ఊళ్ళు ఖాళీ చేయిస్తున్న రోజులవి. అలాంటి ఒక ఊరి నుంచి మరియమ్మ అనే ముసలామె వచ్చింది.

"బాబూ, మా ఆయన్ని ఇక్కడికి తేవాల. అక్కడ కంచె ఏసేత్తన్నారు."

"ఎముకల్తో ఏటి పనమ్మా? ఆత్మ పైకెళ్ళిపోనాది కదా" అన్నాను. నా నోరు అంతే.

"యాకోబు పరాయి దేశంలో సావబోతా ఏటడిగాడు? మా తాత గుహలో ఎట్టండన్నాడు. ఆడికి ఆత్మ నేదేటి?"

ఇంటికెళ్ళి బైబిల్లో ఆ అధ్యాయం చదివాను. యాకోబు ఆ గుహలో ఎవరెవర్ని పెట్టారో పేరుపేరునా చెప్తాడు. తాత, నాయనమ్మ, తండ్రి, తల్లి, తన భార్య లేయా.

మర్నాడు సరేనన్నాను. "మా అక్కని కూడా" అంది మరియమ్మ. అక్క అంటే ఆయన మొదటి భార్య. ఈమె ఆవిణ్ణి చూసి ఎరగదు. ఆవిడ పోయాకే కాపురానికొచ్చి, ఆవిడ పసివాణ్ణి పెంచింది.

"ఆవిణ్ణొగ్గేసి ఆయనొక్కణ్ణే తెత్తే, రేపు పైన ఆవిడికి నా మొకం ఎలా సూపించేది?"

సంఘ పెద్దలు ఒక్క గోతికే ఒప్పుకున్నారు. దాన్ని మేం ‘ఫ్యామిలీ గ్రేవ్’ అంటాం. పాత ఎముకలు ఏరి, మూటగట్టి పక్కన పెట్టి, తర్వాత పోయినవాళ్ళని అందులోనే దించుతాం.

ముగ్గురం ఆ ఊరెళ్ళాం. మరియమ్మ పెంచిన కొడుకు కూడా నాతో గునపం పట్టాడు. శిలువ కర్రలు ఎప్పుడో చెదపట్టాయి, పక్కపక్కనున్న రెండు గోతుల్లో ఏది ఎవరిదో తెలీదు. ఒకదాంట్లో ఆకుపచ్చ గాజు ముక్కలు దొరికాయి. మొగుడికంటే ముందు పోయినామెను గాజులతోనే పాతిపెట్టడం వాళ్ళ అలవాటు. తల్లి మొహం ఎరగని ఆ కొడుకు ముక్కలు అరచేతిలో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

నేను తెచ్చిన గుడ్డ ఆయన ఒక్కడికే సరిపోయింది. మరియమ్మ తన కొంగు చింపింది.

"అక్కని ఇందులో ఎట్టు, నాయినా" అంది కొడుకుతో.

మా తోటలో మూటలు దించుతుంటే గట్టు మీంచి పురమాయించింది. "అక్కని ఆయన పక్కనెట్టు, నాకు ఈ సివర సాలు. ఆయన గురక శానా ఏళ్ళు ఇన్నాను, ఇంక అక్కే ఇనాల!"

కొన్నేళ్ళకి ఆమెనూ చెప్పిన చివరే పెట్టాను.

పాత నిబంధనలో పితరులు పోయినప్పుడల్లా తమవాళ్ళ దగ్గరికి చేర్చబడ్డారని ఉంటుంది. చావుకి అదో మర్యాద మాట అనుకునేవాణ్ణి. చేర్చడానికి ఎవరో ఒకరు వంగి మట్టిలో చేతులు పెట్టాలని ఆ మూటలు దించిన రోజు తెలిసింది. యాకోబుకి కొడుకులున్నారు. ఆ గాజులావిడకి సవతి ఉంది.