సుధేష్ణ వెతికిన ఎడమ నాళం

“మీరు డాక్టరా, మిషన్ నడిపేటోళ్లా?”

ఆసుపత్రి కార్ పార్కులో చక్రధర్ అడిగిన ఈ ప్రశ్నకు జవాబు తేలికే. మిషనే. విజయనగరం నుంచి వచ్చిన సుధేష్ణ పదకొండేళ్లుగా ఐర్లండ్‌లోని కాజిల్‌బార్ దగ్గర ఒక ఆసుపత్రిలో గుండె స్కాన్లు తీస్తోంది. ఫలితం చెప్పే అధికారం ఆమెకు లేదు. సేవ, త్యాగం లాంటి మాటలు ఆమెకు తగిలించొద్దు. ఆమెకున్నది ఊరుకోలేని జబ్బు.

చక్రధర్ కూతురు ధరణికి పద్నాలుగేళ్లు. ఫుట్‌బాల్ ఆడుతూ రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. తండ్రి మాత్రం సెలవుల్లో హైదరాబాదులో చేయించిన ఫుల్ బాడీ చెకప్ ఫైలు పట్టుకొచ్చాడు. మనవాళ్లం ఇండియా వెళ్తే పచ్చళ్లతో పాటు ఆరోగ్యాన్నీ ప్యాకేజీలో కొనుక్కొస్తాం. అందులో గుండె ‘నార్మల్’. గుండెకు రక్తమిచ్చే నాళాలు ఎక్కడ మొదలవుతున్నాయో ఆ ప్యాకేజీలో ఎవరూ వెతకలేదు.

సుధేష్ణ వెతికింది. అరగంట పని గంటన్నర పట్టింది. ఎడమ నాళం తన చోట లేదు. కుడివైపు పుట్టి, రెండు పెద్ద ధమనుల నడుమ దూరి వెళ్తున్నట్టుంది. పరుగెత్తితే నలుగుతుంది. సీటీ స్కాన్ తీస్తేగాని తేలదు. పెద్ద డాక్టరు ఫోన్లో విని, సీటీ రాస్తానని, ఆటలు మానమని ఉత్తరం పంపుతానని అన్నాడు. ఉత్తరం వెళ్లేది సోమవారం. మ్యాచ్ ఆదివారం. అందుకే ఆమె కార్ పార్కులోకి పరుగెత్తింది.

“డాక్టర్ని కాదండీ. ఆదివారం మాత్రం ఆడనివ్వకండి.”

“హైదరాబాద్ల అంతా నార్మలన్నరు మేడం. ఇరవై వేలు కట్టినం.”

“ఇంకో ఇరవై కడితే ఒలింపిక్స్‌కి కూడా పంపిస్తారు.”

కారు కిటికీ దిగింది. “ఐయామ్ గ్రాండ్, ఆంటీ,” అంది ధరణి, బాగానే ఉన్నానని ఐరిష్ వాళ్ల తీరులో.

“గ్రాండే తల్లీ. మరి రెండుసార్లు ఎందుకు పడ్డావ్?”

ధరణి తన తండ్రి వైపు చూడలేదు. “త్రీ టైమ్స్. డాడ్ వుడ్ హావ్ స్టాప్డ్ మీ.”

చక్రధర్ చేతిలోని ఫైలు కారు మీద పెట్టేశాడు.

ఆదివారం ధరణి బెంచీ మీద కూర్చుంది. సీటీకి ఆరు వారాలు ఆగమన్నారు. సుధేష్ణ ఆగలేదు. చక్రధర్ జీతం అప్పుడే కొత్త ఇంటి డిపాజిట్‌కు పోయింది కాబట్టి, ప్రైవేటులో స్కాన్ తీయించడానికి తన కార్డే గీకింది. నాళం ఆమె చూసిన చోటే ఉంది. డబ్లిన్‌లో ఆపరేషన్ జరిగింది. కార్ పార్కులో నోరు జారినందుకు సుధేష్ణకు ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది.

సీటీకి ఆమె పెట్టిన ఆరువందల యూరోల్లో చక్రధర్ ఇంకా రెండువందల నలభై ఇవ్వాలి.